శ్రద్ధ వేరు, రుజువు వేరు

ప్రతి ఆదివారం మా విహారంలో పుస్తక పఠనం జరుగుతుంది. త్రిశరణం, పంచశీల అయ్యాక ఒకరు చదువుతారు, మిగిలినవాళ్లు వింటారు, ఆ తర్వాత ఒక గంట చర్చ. కొన్ని నెలలుగా బోధిసత్వ బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ చదువుతున్నాం. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన ఘట్టం చదివిన రోజున, డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక కుర్రాడు లేచి అడిగాడు. “సార్, రోహిణి నది నీళ్ల తగాదా బుద్ధుడికి జ్ఞానోదయం అయ్యాక జరిగిందని పాళీ అట్టకథల్లో ఉందట. కాలేజీలో ఒకతను నాకు చూపించి నవ్వాడు. మరి బాబాసాహెబ్ ముందే జరిగినట్టు ఎందుకు రాశారు?”

వెనక వరసలో ఉన్న ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. “ఏం బాబూ, బాబాసాహెబ్‌కే తప్పులు పట్టేంత చదివేశావా?” అన్నారు. కుర్రాడు తల దించుకుని కూర్చున్నాడు. ఆ రోజు సభ నడిపింది మేమే. ఏదో సర్దిచెప్పి తర్వాతి పేజీకి వెళ్లిపోయాం. ఆ తర్వాత మూడు ఆదివారాలు అతను విహారానికి రాలేదు.

పెద్దాయన తప్పు కన్నా మా తప్పే పెద్దది. ఆయనకు జవాబు తెలియదు. మాకు కొంత తెలిసి కూడా, చెబితే సభలో అలజడి లేస్తుందని ఊరుకున్నాం. ఆ రోజు చెప్పకుండా మింగిన జవాబే ఈ వ్యాసం. అది ఆ కుర్రాడి ఒక్క ప్రశ్నతో ఆగేది కాదు. బుద్ధుడు హిందువుగానే పుట్టి హిందువుగానే పోయాడని బయటివాళ్లు అంటారు. ఊరూరా ఉన్న గుళ్లన్నీ ఒకప్పుడు విహారాలేనని మన వేదికల మీద మనం అంటాం. ఈ మాటలన్నీ చరిత్ర పేరుతో చెలామణీ అవుతున్నాయి. వీటన్నిటినీ ఒకే కొలతతో కొలవాలన్నది మా వాదన. ఎదుటివాడికి ఒక తూకం, మనకొక తూకం పెట్టుకుంటే దాన్ని ధమ్మం అనలేం.

కొలత ఏది?

మేము న్యాయశాస్త్రం చదివాం. ప్రాక్టీసు పెద్దగా చేయకపోయినా, బస్తీల్లో పనిచేసేటప్పుడు ఆ చదువు రోజూ పనికొస్తూనే ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం మొదట నేర్పేది ఒకటే: ఒక సంగతి జరిగిందని ఎవరు అంటున్నారో, రుజువు చేయాల్సిన భారం వాళ్లదే. రెండోది, ఫలానావాళ్లు అంటుంటే విన్నామన్న మాట సాక్ష్యం కాదు. చూసినవాడు చెప్పాలి. మూడోది ఇంకా సూక్ష్మం. ముప్పై ఏళ్లు దాటిన దస్తావేజు ఉండాల్సిన చోటి నుంచే వస్తే, దాని మీది సంతకం, చేతిరాత అసలైనవేనని కోర్టు భావించవచ్చు. అందులో రాసిన సంగతులన్నీ నిజమని మాత్రం భావించదు. చట్టం పేరు ఇప్పుడు మారింది గానీ ఈ సూత్రాలు మారలేదు.

ఇవి ఇంగ్లీషువాళ్లు తెచ్చిన సూత్రాలు కదా, ధమ్మానికి వీటితో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. మహాపరినిబ్బాన సుత్తం తెరిచి చూడండి. భోగనగరంలో భగవానుడు నాలుగు ‘మహాపదేశాలు’ చెప్పాడు. ఒక భిక్షువు వచ్చి, ఇది నేను స్వయంగా భగవానుడి నోట విన్నానని చెప్పవచ్చు. ఫలానా సంఘం దగ్గర విన్నానని చెప్పవచ్చు. పండితులైన థేరులు చెప్పారని, లేదా ఒక గొప్ప థేరుడు చెప్పాడని అనవచ్చు. వెంటనే మెచ్చుకోనూ వద్దు, తోసిపుచ్చనూ వద్దు. ఆ మాటను సుత్తంతో, వినయంతో పోల్చి చూసి, కలిస్తే తీసుకోవాలి, కలవకపోతే వదిలేయాలి. చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా పరీక్ష తప్పదన్నమాట. కేసపుత్తంలో కాలాములకు చెప్పిన మాట మనందరికీ కంఠస్థమే. దాన్ని ఎదుటివాళ్ల గ్రంథాల మీద ప్రయోగించినంత చురుగ్గా మన ఉపన్యాసాల మీద ప్రయోగించడం లేదు.

బాబాసాహెబ్ ఈ మార్గంలోనే నడిచారు. ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో ఒక చోట ఆయన ఆగి, త్రిపిటకంలో బుద్ధుడి మాటగా ఉన్నదంతా బుద్ధుడి మాటేనా అని అడుగుతారు. ఆనాడు రాత లేదు, భాణకులు కంఠస్థం చేసి చెప్పారు, బుద్ధుడు బతికుండగానే ఆయన మాటను వక్రంగా చెప్పిన సందర్భాలు సుత్తాల్లోనే ఉన్నాయని చూపిస్తారు. అలగద్దూపమ సుత్తం అందులో ఒకటి. తర్వాత పరీక్షలు పెడతారు: బుద్ధుడు హేతువుకు కట్టుబడినవాడు గనుక హేతువుకు నిలవనిది ఆయన మాట కాదు, మనిషి మేలుకు సంబంధం లేని చర్చలోకి ఆయన దిగలేదు, తనకు నిశ్చయంగా తెలిసినవాటిని నిశ్చయంగా చెప్పాడు, తెలియనివాటి మీద తాత్కాలికంగానే చెప్పాడు. ఇది ఒక న్యాయవాది సాక్షిని పరీక్షించే తీరు.

మొదటి దావా: బుద్ధుడు హిందువు

1956లో రెండు సంఘటనలు జరిగాయి. బుద్ధుడి 2500 ఏళ్ల జయంతి సందర్భంగా భారత ప్రభుత్వ ప్రచురణల విభాగం పి.వి. బాపట్ సంపాదకత్వంలో ‘2500 ఇయర్స్ ఆఫ్ బుద్ధిజం’ అనే పుస్తకం తెచ్చింది. దానికి ముందుమాట రాసింది సర్వేపల్లి రాధాకృష్ణన్. బుద్ధుడు కొత్త మతమేదో ప్రకటిస్తున్నానని అనుకోలేదనీ, హిందువుగా పుట్టి పెరిగి హిందువుగానే పోయాడనీ అందులో ఆయన వాదన. అదే ఏడాది అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో దీక్ష తీసుకున్నారు. 22 ప్రతిజ్ఞల్లో ఐదోది, బుద్ధుడు విష్ణువు అవతారమన్న మాటను నమ్మనని చెప్పడం.

రాధాకృష్ణన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షుడిగా పనిచేసినవారు, పాళీ ఎరిగినవారు. ఆయన మాటను తిట్టి వదిలేయడం మనకు తేలిక. కానీ రుజువు అడగాలి. ‘హిందూ’ అనే మాట వేదాల్లో మతం పేరుగా లేదు, పాళీ సుత్తాల్లోనూ లేదు. పారసీకులు సింధు నదిని బట్టి ఒక ప్రాంతానికి పెట్టుకున్న పేరది. ఆ పేరుతో ఆ కాలంలో ఒక మతమే లేనప్పుడు, ఒక మనిషి ఆ మతంలో పుట్టి ఆ మతంలో పోయాడనడం తర్వాతి కాలపు చిరునామాను వెనక్కి రాయడం. ఇక సుత్తాల్లో ఉన్నదేమిటి? అస్సలాయన సుత్తంలో పుట్టుకతో వచ్చే ఆధిక్యాన్ని ప్రశ్న మీద ప్రశ్న వేసి కూల్చడం, కూటదంత సుత్తంలో పశువులను చంపని యజ్ఞమే మేలని చెప్పడం, తేవిజ్జ సుత్తంలో బ్రహ్మను ఎవరూ చూడకుండానే దారి చెబుతున్నారని నిలదీయడం. ఇది పాత ఆదర్శాన్ని కొత్తగా చెప్పిన గొంతులా లేదు, దానితో వాదించిన గొంతులా ఉంది.

అయితే ఎదుటి పక్షానికి ఉన్న సాక్ష్యాన్ని దాచకూడదు. బుద్ధుడు ‘బ్రాహ్మణ’ అన్న మాటను వదల్లేదు. ధమ్మపదంలో చివరి వగ్గం పేరే బ్రాహ్మణ వగ్గం. ఆళార కాలాముడి దగ్గర, ఉద్దక రామపుత్తుడి దగ్గర ఆయన ధ్యానం నేర్చుకున్నాడు. శూన్యంలోంచి ఊడిపడలేదు. అవును. కానీ ఆ మాటను వాడింది పుట్టుక నుంచి ఊడబెరికి నడవడికకు కట్టడానికి. ఆయన తిరిగింది నిగంఠులూ ఆజీవకులూ తిరిగిన శ్రమణుల దారిలో. ‘ప్రాచ్య ఆధ్యాత్మిక సంప్రదాయాలన్నీ ఒకటే’ అనేవాళ్లు ఈ వాదాలన్నిటినీ ఒకే కుండలో పోసి కలిపేస్తారు. ఎవరు ఎవరితో దేని మీద వాదించారో తెలియకుండా పోవడమే ఆ కలపడంలో జరిగే నష్టం.

ఇక్కడ చట్టాన్ని సాక్షిగా తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. రాజ్యాంగమే మిమ్మల్ని హిందువుల్లో కలిపిందిగా అంటారు. 25వ అధికరణంలోని ఆ వివరణ ఒక్క ఉప నిబంధనకు, సంఘసంస్కరణ, దేవాలయ ప్రవేశాల చట్టాలకు సంబంధించిన దానికి పరిమితం. 1955 నాటి హిందూ వివాహ చట్టం రెండో సెక్షను మతరీత్యా బౌద్ధులైనవారిని వేరుగా పేర్కొని తన పరిధిలోకి తెచ్చుకుంది. వేరు కాకపోతే వేరుగా చెప్పాల్సిన పనేముంది? 1990లో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును సవరించి హిందూ, సిక్కు పక్కన బౌద్ధాన్ని చేర్చినప్పుడూ మూడు మతాలను మూడుగానే లెక్కించారు. కాబట్టి మొదటి దావా నిలవదు.

రెండో దావా: రోహిణి తగాదా

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. ఇదే కొలతను మన ఇంటి పుస్తకానికి పెట్టకపోతే పైన రాసినదంతా వ్యర్థం.

పుస్తకం పరిచయంలోనే బాబాసాహెబ్ నాలుగు సమస్యలు ఎత్తారు: సిద్ధార్థుడు పరివ్రాజకుడు ఎందుకయ్యాడు, నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధనేనా, ఆత్మ లేనప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా, భిక్షువును ఏర్పరచిన ఉద్దేశం ఏమిటి. మొదటి దానికి ఆయన జవాబు మనకు తెలుసు. ముసలివాణ్నీ, రోగినీ, శవాన్నీ, సన్యాసినీ చూసి ఇల్లు విడిచాడన్న కథ నమ్మదగింది కాదు, ఇరవై తొమ్మిదేళ్ల మనిషి అంతకుముందు వీటిని చూసి ఉండకపోవడం అసంభవం. దాని బదులు శాక్యులకూ కోలియులకూ రోహిణి నీళ్ల మీద వచ్చిన తగాదాను చూపారు. శాక్య సంఘం యుద్ధానికి తీర్మానిస్తుంది. సిద్ధార్థుడు ఒప్పుకోడు. ఓటింగులో ఓడిపోతాడు. సంఘం మాట కాదన్నందుకు కుటుంబాన్ని వెలివేస్తారు, భూములు లాక్కుంటారు. ఆ గతి తనవాళ్లకు రాకుండా దేశం విడిచి పరివ్రాజకుడు అవుతానంటాడు.

సాక్షులను ఒక్కొక్కరినే పిలుద్దాం. నాలుగు దృశ్యాల కథ సుత్తాల్లో గోతముడి పేరున లేదు. మహాపదాన సుత్తంలో విపస్సి బుద్ధుడి కథగా ఉంది. గోతముడి కథగా విస్తరించింది నిదానకథ, బుద్ధచరితం, లలితవిస్తరం వంటి తర్వాతి రచనల్లో. అరియపరియేసన సుత్తంలో భగవానుడు తన కథ తానే చెప్పుకుంటాడు. నల్లని జుట్టు ఉన్న వయసులో, తల్లిదండ్రులు ఇష్టపడక కన్నీళ్లు పెట్టుకుంటుండగా, జుట్టు తీయించుకుని కాషాయం కట్టి వెళ్లానంటాడు. అర్ధరాత్రి పారిపోవడం అందులో లేదు. అంగుత్తర నికాయంలో మరో చోట, యవ్వనం మీద, ఆరోగ్యం మీద, బతుకు మీద ఉండే మత్తు తనకెలా దిగిందో చెబుతాడు. అక్కడ వార్ధక్యం, రోగం, మరణం ఆలోచనలుగా ఉన్నాయి, రథం మీద వెళుతూ చూసిన దృశ్యాలుగా లేవు. ఆ ఆలోచనలే కథగా పెరిగి ఉండాలి. అంటే నాలుగు దృశ్యాలను జరిగిన సంఘటనగా ఒప్పుకోనన్న బాబాసాహెబ్ మాట నిలుస్తుంది.

రోహిణి సంగతి? కుర్రాడి స్నేహితుడు చూపించింది నిజమే. జాతక, ధమ్మపద అట్టకథల్లో ఆ తగాదా ఉంది. అయితే అక్కడ బుద్ధుడయ్యాక ఆయనే వచ్చి, నీళ్ల విలువ ఎంత, మనుషుల నెత్తుటి విలువ ఎంత అని అడిగి తగాదా తీరుస్తాడు. అది ఇల్లు విడవడానికి కారణమైందని ఆ అట్టకథలు చెప్పవు. ఇక్కడ బాబాసాహెబ్ సంఘటనను ముందుకు జరిపారు. దాచాల్సిన పనిలేదు.

మరి దేని బలంతో జరిపారు? సుత్తనిపాతంలో అత్తదండ సుత్తం ఉంది. పండితులు చాలా పాతదిగా ఎంచే అట్ఠకవగ్గంలోది. అందులో భగవానుడు తనకు సంవేగం ఎలా కలిగిందో చెబుతాడు. ఆయుధం పట్టడం నుంచే భయం పుట్టిందనీ, నీళ్లు ఇంకిన మడుగులో చేపల్లా మనుషులు ఒకరి మీద ఒకరు పడుతుంటే చూసి భయం వేసిందనీ దాని భావం. బాబాసాహెబ్ కన్నా ముందే ధర్మానంద్ కోసంబి మరాఠీలో రాసిన ‘భగవాన్ బుద్ధ’లో ఈ సుత్తాన్ని పట్టుకుని, శాక్య కోలియుల కలహాల వల్ల కలిగిన విరక్తే గృహత్యాగానికి కారణమన్నారు. కాబట్టి బాబాసాహెబ్‌ది గాలిలో కట్టిన మేడ కాదు. మూల సుత్తం ఇచ్చిన కారణం, కలహం చూసి కలిగిన సంవేగం. అట్టకథ ఇచ్చిన సంఘటన, రోహిణి తగాదా. ఆ రెంటినీ కలిపి అల్లిన పునర్నిర్మాణం ఇది. క్రిమినల్ కేసులో అడిగే ‘అనుమానానికి తావులేని’ రుజువు దీనికి లేదు. సివిల్ కేసులో అడిగే ‘ఏది ఎక్కువ సంభావ్యం’ అన్న కొలతలో, నాలుగు దృశ్యాల కన్నా ఇది ముందు నిలుస్తుంది. తీర్పు అంతవరకే. ఇదే జరిగిన చరిత్ర అంటే మాత్రం మనం సాక్ష్యాన్ని దాటి మాట్లాడినట్టు.

ఆ ఘట్టంలో బాబాసాహెబ్ పెట్టిన శిక్షను మళ్లీ చదవండి. ఎదురు చెప్పినవాడి కుటుంబాన్ని వెలివేయడం. 1991లో చుండూరు మాలపల్లి హత్యాకాండకు ముందు వెలినే అనుభవించింది. మహద్‌లో 1927లో చవుదార్ చెరువు నీళ్ల కోసం నిలబడ్డ మనిషికి, నీళ్ల తగాదా ఒట్టి కథగా కనిపించి ఉండదని మేము అనుకుంటాం. ఇది మా ఊహ. దీన్ని ఊహగానే చెబుతున్నాం. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఊహ కాదు: మనుషుల మధ్య కలహం కూడా దుఃఖమేనా, దాన్ని తీర్చడం ధమ్మం పనేనా? ఆ ప్రశ్న రోహిణి తగాదా ఏ ఏడాది జరిగిందన్నదాని మీద ఆధారపడి లేదు. 

1959లో మహాబోధి పత్రికలో ఈ పుస్తకం మీద వచ్చిన సమీక్ష, దీన్ని ‘అంబేడ్కర్ – ఆయన ధమ్మం’ అని పిలవాలని ఎత్తిపొడిచింది. మనవాళ్లకు అది చాలాకాలం గుచ్చుకుంది. ఆ సమీక్షలో ఒక నిజం ఉంది: పుస్తకంలో సుత్తం ఎక్కడ ఆగుతుందో, బాబాసాహెబ్ వ్యాఖ్య ఎక్కడ మొదలవుతుందో మామూలు పాఠకుడికి తెలియదు. ఆ లోటు మనం నింపాలి. ఒక అన్యాయమూ ఉంది: అశ్వఘోషుడు కావ్యం రాసినా, నిదానకథ కట్టినవాళ్లు కథ పెంచినా, ఎవరి కాలానికి వాళ్లు బుద్ధుణ్ని చెప్పుకున్నవాళ్లే. వాళ్లను సంప్రదాయమని గౌరవించి, ప్రశ్నలను మొదటి పేజీల్లోనే బయటపెట్టి రాసిన మనిషిని మాత్రం వక్రీకరించాడనడం ఏకపక్షం. నాలుగు ఆర్యసత్యాల విషయంలో మాకు ఇబ్బంది ఉంది. నికాయాల్లో అవి అన్ని చోట్లా పరుచుకుని ఉన్నాయి. తర్వాత చేర్చినవనడం కష్టం. కానీ బాబాసాహెబ్ దాన్ని ప్రశ్నగానే ఎత్తారు. ప్రశ్నను ప్రశ్నగా చదవాలి. దాన్ని తీర్పుగా మార్చి వేదికలెక్కి చెప్పింది మనమే.

మూడో దావా: అన్ని గుళ్లూ మన విహారాలే

ఇదే మాకు ఎక్కువ బాధ. కొన్నేళ్ల కిందట ఒక సభలో, మా ప్రాంతంలోని ఒక గుట్ట మీది గుడి ఒకప్పుడు స్తూపమని మేము ఢంకా బజాయించి చెప్పాం. కింద కూర్చున్న ఒక పురావస్తు విద్యార్థి సభ అయ్యాక వచ్చి, ఏ ఇటుక చూశారు సార్, ఏ శాసనం చదివారని మర్యాదగా అడిగాడు. మేము మరో ఉపన్యాసంలో విన్నదే చెప్పాం. విన్నమాట సాక్ష్యం కాదని చదువుకున్నది మేమే.

ఆంధ్రదేశంలో మనకు రాళ్లు తక్కువ కాలేదు. భట్టిప్రోలు, శాలిహుండం, గుంటుపల్లి, బొజ్జన్నకొండ, తొట్లకొండ, ఫణిగిరి, ధూళికట్ట. ఆ రాళ్లు చెప్పేది విందాం. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి దానాలిచ్చిన ఉపాసిక. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు సంఘాన్ని పోషించింది. మన ఉపన్యాసాల్లోని నలుపు తెలుపులకు ఈ ఇల్లు లొంగదు. పల్నాడులో చేజెర్ల కపోతేశ్వరాలయం గజపృష్ఠాకారంలో ఉంది. అది ఒకప్పుడు బౌద్ధ చైత్యగృహమని పేరున్న పండితులు చెప్పారు. ఇది మనకు బలమైన ఉదాహరణే. అయినా నాగార్జునకొండలో ఆ ఆకారంలోనే కట్టిన బ్రాహ్మణీయ ఆలయాలు కూడా బయటపడ్డాయి గనుక, ఆకారం ఒక్కటే రుజువు కాదు. సందర్భ సాక్ష్యంలో గొలుసు ఎక్కడా తెగకూడదు.

అమరావతి మహాస్తూపం తీసుకోండి. శంకరుల కాలంలోనే దాన్ని కూల్చేశారని మన సభల్లో తరచూ వింటాం. అక్కడి అమరేశ్వరాలయంలోని శాసనం ప్రకారం 1182లో కోట కేతరాజు అమరేశ్వరుడితో పాటు ధాన్యకటకంలోని బుద్ధుడికీ దానాలిచ్చాడు. సింహళంలోని గడలాదెణియ శాసనం ప్రకారం 1344 నాటికి ధర్మకీర్తి అనే థేరుడు ధాన్యకటకంలో ప్రతిమా మందిరాన్ని బాగు చేయించి ఉన్నాడు. అంటే పద్నాలుగో శతాబ్దం దాకా అక్కడ బుద్ధుడికి దీపం వెలిగింది. మరి పాలరాళ్లు ఎలా పోయాయి? పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టించేటప్పుడు ఆ దిబ్బను తవ్వి రాళ్లూ ఇటుకలూ వాడుకున్నారు, కొన్ని సున్నానికి కాల్చారు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూసే నాటికే ఆ పని సాగుతోంది. తర్వాత దిబ్బ నడుమ చెరువు తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో మిగిలినదీ పూర్తిగా తవ్వేశారు. శిల్పాలు మద్రాసుకూ లండన్‌కూ వెళ్లాయి. మన మహాస్తూపం ద్వేషం కన్నా ఎక్కువగా, అది ఏమిటో ఎవరికీ తెలియకపోవడం వల్ల పోయింది. ఆ మరపు ఎలా వచ్చిందన్నది అసలు పరిశోధించాల్సిన ప్రశ్న.

విధ్వంసం జరగలేదని మేము అనడం లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది చోటు చోటుకూ వేరుగా రుజువు చేయాలంటున్నాం. బాబాసాహెబ్ ‘అంటరానివారు’ పుస్తకం (1948) ముందుమాట చదవండి. అంటరానివారు ఒకప్పటి బౌద్ధులేనన్నది ఆయన సిద్ధాంతం. అయినా తెగిపోయిన లంకెలు ఉన్నచోట ఊహనూ, పరికల్పననూ వాడానని ఆయన ముందే చెప్పారు. ఇదే చివరి మాటనే అహం తనకు లేదన్నారు. ఆయన సంభావ్యమన్న దాన్ని మనం నిశ్చయమని చేశాం. అది గురువుకు మనం చేసిన గౌరవం కాదు.

దీనివల్ల నష్టం ఊరికే మాటల్లో ఉండదు. బుద్ధగయ సంగతి చూడండి. అక్కడ మన పక్షాన యువాన్ చాంగ్ వర్ణన ఉంది, శాసనాలు ఉన్నాయి, కన్నింగ్‌హామ్ తవ్వకాలు ఉన్నాయి. 1891 నుంచి అనగారిక ధర్మపాలుడు చేసిన పోరాటం ఉంది. అయినా 1949 చట్టం ప్రకారం ఆలయ కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, పైన అధ్యక్షుడిగా జిల్లా కలెక్టర్. 2025 ఫిబ్రవరిలో భిక్షువులు అక్కడ దీక్షకు కూర్చున్నది ఈ చట్టం మార్చమనే. ఇంత గట్టి దావా చేతిలో ఉన్నవాళ్లం, ఊరికో ఉత్త దావా వేస్తూ పోతే, వింటున్నవాడు అన్నిటినీ ఒకే గాటన కడతాడు. అబద్ధపు సాక్షిని ఒక్కణ్ని పిలిచినా, నిజం చెప్పే పదిమంది సాక్షుల విలువ పోతుంది. కోర్టు వరండాల్లో తిరిగిన ఎవరికైనా ఇది తెలుసు.

మరి శ్రద్ధ?

ఇంత తర్కించాక శ్రద్ధకు చోటెక్కడ అని ఆ పెద్దాయన మమ్మల్ని తర్వాత అడిగారు. ఆయన ప్రశ్నా న్యాయమైనదే. పాతికేళ్లకు పైగా ఆయన ఇంట్లో బాబాసాహెబ్ పటానికీ బుద్ధుడి పటానికీ దండ మారని రోజు లేదు. తాగుడు మాన్పించి ఆయన సంసారాన్ని నిలబెట్టింది పంచశీల. దానికి శాసనం కావాలా? అక్కర్లేదు. దానికి సాక్ష్యం ఆయన బతుకే. రోహిణి తగాదా ఏనాడు జరిగితేనేం, ఆ సంసారం నిలబడింది.

మజ్ఝిమ నికాయంలో చంకీ సుత్తం ఉంది. కోసల దేశంలో ఓపసాదం అనే ఊరు. పెద్ద పెద్ద బ్రాహ్మణులు భగవానుడితో మాట్లాడుతుంటే, కాపఠికుడనే పదహారేళ్ల కుర్రాడు మాటిమాటికీ అడ్డుపడతాడు. పెద్దల మాట అయ్యేదాకా ఆగమంటాడు భగవానుడు. అతను చదువుకున్నవాడు, మీతో వాదించగలడని చంకీ చెప్పాక, అతణ్ని అడగనిస్తాడు. పరంపరగా వచ్చిన మంత్రాలే సత్యం, తక్కినదంతా అసత్యం అనడం సరైనదేనా అని కుర్రాడి ప్రశ్న. చూసినవాడు ఒక్కడూ లేకుండా ఒకరి వెనక ఒకరు నడిచే గుడ్డివాళ్ల వరసతో ఆ పరంపరను పోల్చి, తర్వాత భగవానుడు ఒక ఉపాయం చెబుతాడు. దాని పేరు ‘సచ్చానురక్ఖణ’, సత్యాన్ని కాపాడుకోవడం. శ్రద్ధ ఉన్నవాడు ‘ఇది నా శ్రద్ధ’ అని చెప్పాలి. అంతమాత్రాన ‘ఇదే సత్యం, వేరేది కాదు’ అనే నిర్ణయానికి పోకూడదు. అలా ఉన్నంతకాలం అతను సత్యాన్ని కాపాడుతున్నట్టే.

మేము వెతికిన జవాబు ఇరవై అయిదు శతాబ్దాలుగా అక్కడే ఉంది. శ్రద్ధను వదలమని భగవానుడు అనలేదు. దాన్ని దాని పేరుతో పిలవమన్నాడు. అందుకే మన వేదికల మీద మాట్లాడేవాళ్లకు మా మనవి ఒకటే. ప్రతి మాటకూ ముందు మూడింటిలో ఒకటి చెప్పండి: ఇది రుజువైంది, ఇది సంభావ్యం, ఇది మా శ్రద్ధ. మూడూ గౌరవమైనవే. ఒకదాని చొక్కా మరోదానికి తొడగకండి. పిల్లలు వాటిని కలిపి నేర్చుకుంటే, కాలేజీలో ఒకటి ఓడిపోయిన రోజున మూడూ ఓడిపోయాయనుకుని విహారం మెట్లు దిగిపోతారు.

నాలుగో ఆదివారానికి ముందు మేము ఆ కుర్రాడి ఇంటికి వెళ్లాం. తప్పు మాదని చెప్పాం. అతను మొహమాటపడి, టీ తెప్పించి, “పర్లేదు సార్” అన్నాడు. ఆదివారం వచ్చాడు. ఆ రోజు పెద్దాయన పక్కనే కూర్చోబెట్టి, అత్తదండ సుత్తం అతని చేతే చదివించాం. పెద్దాయన మధ్యలో ఆపి, ఆ చేపల మాట మళ్లీ చదవమన్నారు.

నమో బుద్ధాయ. జై భీమ్.